తొమ్మిది సెంటీమీటర్ల వాలు

మార్చి మొదటి వారంలో నేను చేసిన నాలుగు రోజుల ప్రయాణంలో నా చేతి పుస్తకంలో నలభై ఒక్క పేజీలు నిండాయి. రైలు వేళలు, ధరలు, దూరాలు, గదుల కొలతలు అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో అధికభాగం పాఠకులకు అక్కరలేదు. ముప్పై నాలుగు సంవత్సరాలు సర్వే శాఖలో గొలుసు పట్టి భూములు కొలిచినవాణ్ని. కొలవనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. డెబ్బై రెండో ఏట ఆ అలవాటు చేసుకోవాలన్న కోరిక కూడా లేదు. అయినా విజయనగరంలో ఒక పదిహేనేళ్ల పిల్ల నేల మీద గీసిన ఎనిమిది అంకె మీద మూడుసార్లు తిరగడం చూసి వచ్చాను. అది చూడనివారికి చెప్పవలసిన బాధ్యత నా మీద ఉందనిపించి ఇది రాస్తున్నాను.

కొత్తవలస

గురువారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు కొత్తవలసలో దిగాను. రైలు పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. కిరండోల్ వైపు పోయే లైను ఇక్కడే చీలుతుంది కనుక, ఊరి పరిమాణానికి మించిన సందడి స్టేషనులో ఉంటుంది. టీ పది రూపాయలు. మా తెనాలిలో పన్నెండు. గ్లాసు మాత్రం ఇక్కడిదే పెద్దది.

స్టేషను బయట ఒకామె పనసకాయ కొట్టి పొట్టు తీస్తున్నది. మా వైపు పనసపొట్టు పెళ్లి విందుల్లో కనిపించే వస్తువు. ఇక్కడ మామూలు రోజున మామూలు మనిషి కొనుక్కుపోతాడు. ఆమె కత్తి నా చూపుకు అందలేదు. గడియారం తీసి చూస్తే ఒక కాయ నాలుగు నిమిషాల పది సెకన్లలో పూర్తయింది. ఆ సమయంలో ఆమె ముగ్గురితో బేరమాడింది, ఒకరితో పోట్లాడింది. కత్తి వైపు ఒక్కసారీ చూడలేదు. అరవై రూపాయలిచ్చి పొట్లం పట్టుకుని శారద ఇంటికి వెళ్లాను.

శారద నాతో కలిసి పనిచేసిన మిత్రుడి కూతురు. మిత్రుడు ఇప్పుడు లేడు. ఆమె ఇక్కడ ఒక పాఠశాలలో వ్యాయామం నేర్పుతుంది. పిల్లలకు స్కేటింగ్ శిక్షణ కూడా ఇస్తుంది. నన్ను పిలిపించిన కారణం ఒక్కటే. ఆదివారం విజయనగరంలో జరిగే ఎంపిక పోటీలకు నేల మీద వలయాలు గీయాలి. కిందటి ఏడు ఎవరో తాడు కట్టి గీశారట. తాడు సాగుతుంది. సాగిన తాడుతో గీసిన వలయం వలయం కాదు. ఈ మాట ఫోనులో ఆమె చెప్పగానే నేను రైలు టిక్కెట్టు కొన్నాను.

ఫిగర్ స్కేటింగ్ అనగానే మంచు గుర్తుకు వస్తుంది. మన దగ్గర మంచు లేదు కనుక నాలుగు చక్రాల బూట్లతో నున్నటి నేల మీద ఆడతారు. అందులో ఎగిరి తిరిగేది ఒక విభాగం. దానికి పాట ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. నేను గీయవలసింది రెండో విభాగానికి. ఒకదానినొకటి తాకే రెండు వలయాలు, ఒక్కొక్కటి ఆరు మీటర్ల వ్యాసం. అవి తాకే బిందువు దగ్గర నిలబడి, ఒక్క తోపుతో, ఒక్క కాలి మీద మొదటి వలయం పూర్తిగా తిరిగి రావాలి. అక్కడ కాలు మార్చి ఒక్క తోపుతో రెండోది తిరగాలి. అలా మూడు చుట్లు, గీత మీది నుంచి చక్రాలు తొలగకుండా. పాట లేదు. చప్పట్లు లేవు. న్యాయనిర్ణేతలు ముగ్గురు నేల మీదే నిలబడి కాలి వైపు చూస్తూ ఉంటారు. ఇందులో కాలి బలం కంటే మనసు గట్టిదనం ఎక్కువ అవసరమని శారద చెప్పింది. మనసు గట్టిదనానికి కొలత లేదు కనుక నేను తల ఊపి ఊరుకున్నాను.

భోజనాల దగ్గర ఆమె ఒక పిల్ల విషయం చెప్పింది. పేరు నూకరత్నం, అందరూ రత్నం అంటారు. శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున చేపల వేట కుటుంబం. గురుకుల పాఠశాలలో వేసవి శిబిరం పెట్టినప్పుడు శారద కంట పడింది. ఆ పిల్లకు చక్రాల బూట్లు శారద శిక్షణ ఇచ్చే స్కేటింగ్ క్లబ్బు అరువుగా ఇచ్చింది. ఊళ్లో చేపలు ఆరబెట్టే సిమెంటు గచ్చు మీద రెండేళ్లుగా తనంతట తనే సాధన చేస్తుంది. అక్కడ తిరిగితే చూడముచ్చటగా ఉంటుందట. పోటీకి విజయనగరం వస్తే చాలు, గీత దాటిపోతుంది. కిందటి ఏడు మొదటి చుట్టులోనే తొలగి, కాలు కింద పెట్టి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మధ్యలోనే బయటికి నడిచిపోయింది. అందరూ బెదురు అన్నారు. ఈసారి కూడా మధ్యలో దిగిపోతే బూట్లు వెనక్కి తీసుకుని వేరే పిల్లకివ్వాలని క్లబ్బు తీర్మానించింది. అటువంటి బూట్లు కొనడం ఆ ఇంటివల్ల అయ్యే పని కాదు. అంటే ఆదివారం ఆ పిల్లకు పోటీ మాత్రమే కాదు. ఆటలో ఉండడమా, లేకపోవడమా అన్నది తేలే రోజు.

శారద తన తండ్రి కూతురే. రత్నం విజయనగరంలో తప్పు చేసిన ప్రతిసారీ ఒక వలయం గీసి, ఆ చోట చుక్క పెట్టి ఉంచింది. ఆ పుస్తకం అడిగి తీసుకున్నాను.

విజయనగరం

శుక్రవారమంతా క్రీడా మందిరం నేల మీద మోకాళ్ల మీదే గడిచింది. తాడుకు బదులు సన్నని ఉక్కు తీగ వాడాను. గీసిన తర్వాత ఒక్కొక్క వలయాన్ని పదహారు చోట్ల కొలిచాను. ఎక్కడా రెండు మిల్లీమీటర్లకు మించి తేడా రాలేదు. అంతసేపూ గోడకు ఆనుకుని చూసిన కాపలాదారు అప్పన్న చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఈ రెండు సున్నాలెట్టడానికి తెనాలి నుండి రావాలేటి బాబూ? మావూళ్లో సున్నాలెట్టీవోలు లేరేటి?"

ఉన్నారని, వారి సున్నాలు గుడ్డు ఆకారంలో వచ్చాయని చెప్పాను. అతను నవ్వి, టీ తెప్పించాడు. డబ్బు తీసుకోలేదు. మా వైపు కొత్తవాడికి టీ ఇప్పించే ముందు ఊరు, ఇంటిపేరు, ఉద్యోగం ఆరా తీస్తారు. ఇక్కడ ముందు టీ వస్తుంది, ప్రశ్నలు తర్వాత.

రంగు ఆరిన తర్వాత చెప్పులు విప్పి నేను గీసిన గీత మీద నడిచి చూశాను. చక్రాలు లేవు, తొందర లేదు, చూసేవారు లేరు. ఒక్క వలయానికి ఆరుసార్లు గీత తప్పాను. కొంతసేపటికి పట్టణం పిల్లలు సాధనకు వచ్చారు. పదమూడేళ్ల పిల్లలు ఒంటికాలి మీద, ఊపిరి బిగబట్టి, దాదాపు పంతొమ్మిది మీటర్ల దూరం ఆ సన్నని గీత మీద జారిపోతుంటే చెప్పులు చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. గీత గీసినవాడు గీత గురించి ఏమీ తెలియనివాడని ఆ సాయంత్రం అర్థమయింది.

బసకు వచ్చి శారద పుస్తకం తెరిచాను. మొత్తం ఇరవై మూడు చుక్కలు. అందులో పంతొమ్మిది వలయం మొదటి పావు భాగంలోనే ఉన్నాయి. పంతొమ్మిదీ గీతకు బయటి వైపే. బెదిరినవాడు ఒకసారి లోపలికి తూలుతాడు, ఒకసారి బయటికి. ఒకసారి మొదట్లో, ఒకసారి చివర. బెదురుకు దిక్కు ఉండదు. ఈ తప్పులకు దిక్కు ఉంది. దిక్కు ఉన్న తప్పు కొలతలో దొరుకుతుందని ముప్పై నాలుగేళ్ల నా అనుభవం. రత్నం, ఆమె నానమ్మ శనివారం మధ్యాహ్నం ఊరి నుంచి బయలుదేరతారని శారద చెప్పింది. అంతకుముందే అక్కడికి వెళ్లి ఆ గచ్చు చూడాలని నిశ్చయించుకున్నాను.

చీపురుపల్లి

శనివారం ఉదయం పాసెంజరు రైలు చీపురుపల్లిలో ఆగింది. రెండు నిమిషాలు ఆగుతుందని వేళల పట్టికలో ఉంది. మంచినీళ్ల సీసా నింపుకోవడానికి నలభై సెకన్లు చాలని లెక్క కట్టి దిగాను. కుళాయి దగ్గర వెనక్కి తిరిగేసరికి రైలు కదిలింది. ఒక నిమిషం ఐదు సెకన్లు మాత్రమే ఆగింది. అదృష్టవశాత్తు సంచి నా భుజానే ఉంది.

రోడ్డు మీదికి వస్తే సాలూరు లారీ ఒకటి సిమెంటు దింపి ఖాళీగా శ్రీకాకుళం పోతున్నది. డ్రైవరు సింహాచలం నా కథ విని తలుపు తీశాడు.

"రైలు టైము సూసి ఎక్కాల గానీ, దిగకూడదు బాబూ," అన్నాడు.

దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. సాలూరు నుంచి ఒడిశా వైపు ఘాటు రోడ్డులో ఇరవై రెండేళ్లుగా లారీ నడుపుతున్నాడు. ఆ ఘాటులో మలుపులు ఎన్ని అని అడిగాను. తెలియదన్నాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదా అని ఆశ్చర్యపోయాను. లెక్కపెట్టడం మొదలెడితే ఇంకా ఎన్ని ఉన్నాయో గుర్తుకొస్తుందని, అది గుర్తుకొస్తే చేతులు బిగుసుకుంటాయని అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు. అయినా రాసుకున్నాను. శ్రీకాకుళంలో దింపి డబ్బు వద్దన్నాడు. బలవంతాన టిఫిను మాత్రం నాతో తిన్నాడు. ఇద్దరికీ ఇడ్లీ, టీ కలిపి ఎనభై రూపాయలు.

సముద్రం ఒడ్డున

బస్సు దిగి ఒకటిన్నర కిలోమీటరు నడిస్తే ఊరు. పదకొండున్నరకు చేరాను. రత్నం నానమ్మ ఎర్రమ్మ గచ్చు పక్కన ఎండబెట్టిన నెత్తళ్లు, వేలెడు పొడవు చేపలు, తిరగేస్తున్నది. డెబ్బై దాటి ఉంటుంది. తన వయసు తనకు తెలియదని, పెద్ద తుఫాను నాటికి చంకలో బిడ్డ ఉందని చెప్పింది. ఏ తుఫాను అని అడిగితే, పెద్దదే అంది. అంతకుమించి నా పుస్తకంలో ఏమీ రాయలేకపోయాను.

ఎండు నెత్తళ్లు కిలో అక్కడ రెండు వందలు. మా ఊరి బజారులో మూడు వందల అరవై. నేను చేపలు తినను గానీ ధరలు తెలుసుకుని ఉంచుకుంటాను. తిననని చెప్పగానే ఆమె కొంచెంసేపు నా వైపు జాలిగా చూసి, లోపలి నుంచి చోడి అంబలి, ఉల్లిపాయ, వేయించిన పచ్చిమిరపకాయలు తెచ్చి పెట్టింది. మేము రాగులు అనేదాన్ని వీరు చోళ్లు అంటారు. ఆ ఎండలో ఆ చల్లని అంబలికి సాటి వచ్చేది నా నాలుగు రోజుల భోజనాల్లో మరొకటి లేదు.

రత్నం బక్కపలచని పిల్ల, మాట తక్కువ. అడగ్గానే బూట్లు తెచ్చి చూపింది. ఉప్పుగాలికి చక్రాల్లోని గుండ్లు తుప్పు పడతాయని రోజూ విప్పి కొబ్బరినూనె రాస్తుందట. సూర్యుడు రాకముందే లేచి గచ్చు మీది పొలుసు ఊడ్చి, చేపలు పరిచేలోగా గంటసేపు తిరుగుతుంది. శారద గీసి ఇచ్చిన వలయాలు గచ్చు కొసన ఇంకా ఉన్నాయి. ఆ పూట ఆ భాగం ఖాళీగా ఉంది కనుక నాకోసం ఒక చుట్టు తిరిగింది. వెనుక సముద్రం మోత. ముందు కాకుల్ని తోలుతున్న ఆడవాళ్లు. ఆమె కాలు గీత మీద నుంచి వెంట్రుకవాసి తొలగలేదు.

తర్వాత నీళ్లు నింపిన గొట్టం సంచిలోంచి తీసి, ఒక కొస ఎర్రమ్మకు పట్టుకోమని ఇచ్చి, గచ్చు మట్టం చూశాను. రెండుసార్లు చూశాను. ఒక్క వలయం వెడల్పులో గచ్చు సముద్రం వైపు తొమ్మిది సెంటీమీటర్లు దిగింది. రత్నం ఎప్పుడూ బయలుదేరేది ఊరి వైపుకు. అంటే వలయం మొదటి పావు ఎగుడు. ఆ ఎగుడు ఎక్కడానికి ఆమె కాలు గట్టిగా తొయ్యడం నేర్చుకుంది. మట్టమైన నేల మీద అదే తోపు తోస్తే వేగం ఎక్కువై మొదటి పావులోనే బయటికి పోతుంది. పంతొమ్మిది చుక్కలకూ లెక్క సరిపోయింది. ఈ సంగతి కొంత గంభీరంగానే ప్రకటించాను.

ఎర్రమ్మ గొట్టం కింద పెట్టింది. "వాలు లేపోతే ఉప్పునీరు ఎలగ దిగుతాది బాబూ? గచ్చంటే వాలుంటాది. అది కొలవాలేటి?"

ఆ ఊళ్లో అందరికీ తెలిసిన విషయమది. శారదకు తెలియదు, ఆమె అడగలేదు. వీళ్లకు చెప్పాలని తోచలేదు. బెదురని రెండేళ్లుగా పేరు పెట్టినది నిజానికి ఉప్పునీరు దిగే వాలు. నాకు ఎంతో తృప్తి కలిగింది. ఆ తృప్తిలో రత్నాన్ని పిలిచి, రేపు ప్రతి తోపునూ నాలుగో వంతు తగ్గించమని చెప్పాను.

ఆ పిల్ల గచ్చు వైపు, తన కాళ్ల వైపు చూసుకుంది. "అంటే రెండేళ్లు నాను నేర్సుకున్నదంతా ఈ వాలుకేనా తాతగారూ?" అని అడిగింది.

అవునన్నాను. అది ఎటువంటి జవాబో అప్పుడు నాకు తెలియలేదు.

మళ్లీ విజయనగరం

ముగ్గురం బస్సులో ఐదున్నరకు విజయనగరం చేరాం. నా సంచికి పట్టిన చేపల వాసనకు బస్సులో ఒకాయన సీటు మారాడు. ఇంటికి వచ్చాక కూడా అది మూడు రోజులు డాబా మీదే ఉంది.

ఆరు గంటలకు రత్నం సాధనకు దిగింది. మొదటి తోపు మరీ మెల్లగా తోసింది. వలయం సగంలోనే చక్రాలు ఆగిపోయాయి. రెండోసారి ఎక్కువ తోసి గీత దాటింది. ఆపైన ప్రతి తోపుకు ముందు ఆగి ఆలోచించడం మొదలుపెట్టింది. నాలుగో వంతు అంటే ఎంత? కాలికి నాలుగో వంతు ఎలా తెలుస్తుంది? ముప్పై ఐదు నిమిషాల్లో మూడుసార్లు పడింది. కిందటి ఏడు సాధనలో ఎప్పుడూ పడలేదని శారద తర్వాత చెప్పింది. మూడోసారి పడ్డాక మోచెయ్యి తుడుచుకుంటూ గోడ పక్కకు వెళ్లి, మా ఎవరి వైపూ చూడకుండా బూట్లు విప్పింది.

శారద నన్ను బయటికి తీసుకువెళ్లింది. ఆమె గొంతు పెంచలేదు.

"మీ కొలత తప్పని నేననను బాబాయ్ గారూ. నాకు రెండేళ్లు తెలీనిది మీరు ఒక్క పూటలో పట్టేసారు. కానీ పోటీ ముందురోజు చెప్పేసారు. కాలు లెక్క ఒక్కరోజులో నేర్చుకోదు. ఇప్పుడు దానికి పాత కాలూ లేదు, కొత్త కాలూ లేదు."

సరైన అంకె తప్పు పని చేయగలదని నాకు డెబ్బై రెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకు బూట్లు పోతే దానికి కారణం ఇప్పుడు గచ్చు కాదు, నేను. ఆ రాత్రి పుస్తకంలో నేనేమీ రాయలేదు.

ఆదివారం

పోటీలో తొమ్మిదిమంది ఆడపిల్లలు. మొదటి ఇద్దరు రాష్ట్ర పోటీలకు వెళతారు. చీటీల్లో రత్నానికి ఆరో నంబరు వచ్చింది.

వలయాలు గీసినవాణ్ని కనుక నన్ను నేల అంచున నిలబడనిచ్చారు. ముందు ఐదుగురూ పట్టణం పిల్లలు. అందరూ బాగా చేశారు. ఒకమ్మాయి మూడు చుట్లలో రెండుసార్లు మాత్రమే, అదీ రెండు వేళ్ల వెడల్పున తొలగింది. రత్నం పేరు పిలిచేసరికి నేను ఎర్రమ్మ కోసం చూశాను. ఆమె ముందు వరసలో తన ప్లాస్టిక్ కుర్చీని వెనక్కి తిప్పి, గోడకు ముఖం పెట్టి కూర్చుంది. ఆరోగ్యం బాగాలేదేమోనని దగ్గరకు వెళ్లి అడిగాను.

"తెప్ప అల దాటతన్నప్పుడు మా ఇంట్లో ఆడోలం సూడం బాబూ," అంది. "మనం సూస్తే ఆల్లు మనకేసి సూస్తారు. అప్పుడు అలనెవులు సూస్తారు?"

ఊరంతా అలా చేస్తారో, ఆ ఒక్క ఇంటి ఆచారమో నాకు తెలియదు. అడగడానికి సమయం లేదు. పోటీ నేల చుట్టూ ఉన్న కమ్మీ దగ్గర నిలబడి ఉన్న శారద ఆ మాట విన్నది. కిందటి ఏడు రత్నం గీత తప్పిన క్షణంలో తాను ఇక్కడి నుంచే సలహాలు అరిచానని ఆమె నాతో చెప్పి ఉంది. ఇప్పుడామె కమ్మీ వదిలేసి వచ్చి, మరో కుర్చీ తిప్పి, ఎర్రమ్మ పక్కన గోడకు ముఖం పెట్టి కూర్చుంది. రెండేళ్లు శిక్షణ ఇచ్చినామె. నేను స్తంభం వెనక్కి జరిగి, రత్నం కంటికి కనిపించకుండా నిలబడ్డాను.

రత్నం మధ్య బిందువు దగ్గర నిలిచి తోసింది. పాత తోపే. మొదటి పావులో, ఇరవయ్యో చుక్క పడవలసిన చోటే, కాలు బయటికి పోయింది. నా అంచనా పదకొండు సెంటీమీటర్లు. గీతను అందుకోబోయి ఎడమకాలు కింద పెట్టింది. మందిరంలో ఎవరో అయ్యో అన్నారు. కిందటి ఏడు ఆమె బూట్లు విప్పినది సరిగ్గా ఈ చోటే.

ఆమె రెండు కాళ్ల మీదా నిలబడిపోయింది. నేను గడియారం చూశాను. కాలు కింద పెడితే మార్కులు పోతాయి; అలా నిలబడితే ఇంకా పోతాయి. న్యాయనిర్ణేతల్లో ఒకామె పలక మీద ఏదో రాసింది. రత్నం శారద ఉండే చోటికి చూసింది. అక్కడ ఎవరూ లేరు. నానమ్మ వైపు చూసింది. తెల్లజుట్టు ముడి తప్ప ఏమీ కనిపించలేదు. ఆ హాలులో ఆమెకు సాయం వచ్చే ముఖం ఒక్కటీ లేదు. తలుపు ఎనిమిది మీటర్ల దూరంలో ఉంది; అది నేను కొలిచిన దూరమే. ఆమె తల దించి, మోకాళ్లు కొద్దిగా వంచి, అరిపాదాలతో నేలను నొక్కినట్టుగా అటూ ఇటూ ఊగింది. పదకొండు సెకన్లు గడిచాయి. తర్వాత ఆగిన చోటి నుంచే, ఒక్క కాలి మీద బయలుదేరింది.

మొదటి చుట్టు అలాగే పూర్తి చేసింది. రెండో చుట్టులో తోపు మారింది. తొలగింది గానీ మూడు సెంటీమీటర్లకు మించలేదు. మూడో చుట్టుకు ముందు ఆమె ఆలోచించడం నాకు కనిపించలేదు. కాలు నేలను ఒకసారి తోసింది, అంతే. మొదటి పావు, సగం, ముప్పావు, మధ్య బిందువు, కాలు మార్పు, మళ్లీ పావు, సగం. నేను స్తంభం వెనక నుంచే పదహారు చోట్లా చూశాను. నేను ఉక్కు తీగతో గీసిన గీతను ఆమె చక్రాలు ఎక్కడా వదలలేదు. రెండేళ్లుగా ప్రతి ఉదయం ఒక వాలు నేర్పిన పాఠాన్ని, నిండు సభలో, ఓడిపోయిన చోట నిలబడి, ఆ పిల్ల మూడు చుట్లలో మార్చుకుంది. నేను ఎన్నో కొండలు, నదీతీరాలు కొలిచాను. దేని ముందూ ఇలా నిలబడిపోలేదు.

ఆమె ఆగింది. చప్పట్లు లేవు, ఆ విభాగంలో ఉండవు.

గోడ వైపు కూర్చున్న ఇద్దరి దగ్గరికి వెళ్లాను. మూడు చుట్లూ తిరిగిందని చెప్పాను. శారద రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఎర్రమ్మ కుర్చీ ఇటు తిప్పుకుని, మనవరాలి కాళ్ల వైపు మాత్రమే చూసింది.

పదకొండు సెకన్లు ఏమనుకున్నావని రత్నాన్ని అడిగాను. చెమట తుడుచుకుంటూ కొంచెం సిగ్గుపడింది.

"ఏటీ అనుకోలేదు తాతగారూ. మీ నాలుగో వంతు ఎంతో నాకు తెలీలేదు. అందుకే నేల ఎలగున్నాదో కాళ్లతో సూసుకున్నాను."

నా అంకె వల్ల నిన్న ఇబ్బంది పడ్డావని, అది నా తప్పేనని చెప్పాను. ఇంత పెద్దాయన అలా అనకూడదన్నట్టు ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

ఒంటిగంటకు ఫలితాలు చదివారు. కాలు కింద పెట్టినందుకు, ఆగినందుకు మార్కులు పోయి రత్నానికి మూడో స్థానం వచ్చింది. ఇద్దరే రాష్ట్ర పోటీలకు వెళతారు. మూడో చుట్టుకు తొమ్మిదిమందిలోనూ ఎక్కువ మార్కులు వచ్చింది ఆమెకే. కాని విడి చుట్టుకు బహుమతి లేదు. మూడో స్థానమన్నప్పుడు ఆమె పెదవి కొరుక్కుంది. రాష్ట్రానికి వెళ్లే ఇద్దరితో చేతులు కలిపి వచ్చింది.

పోటీ అయ్యాక క్లబ్బు ఇచ్చిన బూట్లన్నీ ఒక బల్ల మీద పెట్టించి సరిచూస్తారు. రత్నం తనవి విప్పి, చక్రాలు తుడిచి, మిగతావాటి పక్కన పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. శారద పట్టిక చూసి, ఆ బూట్లు తీసి ఆమె చేతుల్లోనే పెట్టింది.

అప్పన్న కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు. న్యాయనిర్ణేతలు భోజనానికి వెళ్లారు. ఎర్రమ్మ ఊరికి తీసుకుపోవడానికి అరటిపళ్లు బేరమాడుతూ తలుపు బయట నిలబడింది. రత్నం నేల అంచున కూర్చుని బూట్లు మళ్లీ కట్టుకుని, ఖాళీ అయిన మందిరంలో మధ్య బిందువు దగ్గరికి వెళ్లింది. నేను సంచి కింద పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది అంకె మీద పంతొమ్మిది చుట్లు తిరిగింది. పంతొమ్మిదీ గీత మీదే. ఇరవయ్యోది మొదలుపెట్టింది గానీ, నాలుగు గంటల నలభై నిమిషాల రైలుకు నేను బయలుదేరవలసి వచ్చింది.